యేసు నిజంగా ఉన్నాడా? నాన్నకీ తమ్ముడికీ మధ్య నలిగిపోతున్నాను

ఒంగోలు దగ్గరి ఒక పల్లె నుంచి వచ్చి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న 31 ఏళ్ల పాఠకురాలు రాసిన పెద్ద ఉత్తరం ఇది. పేరు రాయవద్దన్నారు. సారాంశం ఇస్తున్నాను.

వాళ్లది నాలుగైదు తరాల బాప్టిస్టు కుటుంబం. 1878 జూలైలో, కరువు రోజుల్లో, అమెరికన్ మిషనరీ క్లౌ దొర గుండ్లకమ్మ ఏటి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇప్పించినప్పుడు తమ ముత్తాత తండ్రి కూడా ఆ నీళ్లలో దిగాడని నాయనమ్మ చెప్పేదట. నాన్న రిటైరైన టీచరు, సంఘ పెద్ద. తమ్ముడు బెంగళూరులో పీహెచ్‌డీ చేస్తున్నాడు. పోయిన క్రిస్మస్‌కి ఇంటికొచ్చిన తమ్ముడు భోజనాల దగ్గర "యేసు అనే మనిషే లేడు, అదంతా తర్వాత అల్లిన కథ" అన్నాడు. నాన్న ఫోన్ తీసి, వాట్సాప్‌లో వచ్చిన ఆధారాలు చూపించారు. యేసు రూపురేఖల్ని వర్ణిస్తూ లెంటులస్ అనే రోమన్ అధికారి రాసిన ఉత్తరం, యేసు శవానికి చుట్టారని చెప్పే, ఇటలీలోని ట్యూరిన్‌లో ఉన్న వస్త్రం, జోసెఫస్ అనే యూదు చరిత్రకారుడి పేరా. తమ్ముడు అక్కడికక్కడే ఒక్కొక్కటీ ఎందుకు నమ్మలేమో నెట్‌లో తీసి చూపించాడు. నాన్న అన్నం ముందు నుంచి లేచిపోయారు. క్షమాపణ చెప్పేదాకా గడప తొక్కొద్దన్నారు. వచ్చే క్రిస్మస్‌కి తమ్ముడు రానంటున్నాడు, అమ్మ రోజూ ఏడుస్తోంది.

"నేను మా సంఘంలో సండే స్కూల్ టీచర్ని. వాళ్లిద్దరి గొడవ చూశాక నాకే అనుమానం మొదలైంది. ప్రభువు బల్ల (సంఘంలో రొట్టె, ద్రాక్షారసం) తీసుకునేటప్పుడు టెన్షన్‌గా ఉంటోంది. ఆఫీసులో ఒకాయన యేసు ఇండియాకి వచ్చి చదువుకున్నాడంటాడు. ఎవర్ని నమ్మాలో తెలియట్లేదు. మీరు ఏది నిజమో రాస్తే ఇద్దరికీ పంపిస్తాను. ఒక్క మాటలో చెప్పండి: ఉన్నాడా, లేడా?" అని ముగించారు.

సమాధానం:

ఒక్క మాటలో అడిగారు కాబట్టి ముందు అది చెప్పేస్తాను. ఉన్నాడు. మొదటి శతాబ్దంలో గలిలయ ప్రాంతంలో యేసు అనే యూదు బోధకుడు ఉన్నాడనీ, రోమన్ గవర్నరు పొంతి పిలాతు యూదయలో అధికారంలో ఉన్న కాలంలో, అంటే క్రీ.శ. 26-36 మధ్య, ఆయన్ని సిలువ వేశారనీ ఆ కాలాన్ని పరిశోధించే చరిత్రకారుల్లో దాదాపు అందరూ ఒప్పుకుంటారు. వాళ్లలో క్రైస్తవులున్నారు, యూదులున్నారు, ఏ దేవుణ్ణీ నమ్మనివాళ్లూ ఉన్నారు. బార్ట్ ఎర్మన్ అనే అమెరికన్ పండితుడు ఎప్పుడో విశ్వాసం వదిలేసిన మనిషి. బైబిల్ వ్రాతప్రతుల్లో మార్పుల గురించి ఆయన రాసినవి చాలామంది పాస్టర్లకు నచ్చవు. ఆయన కూడా, యేసే లేడనే వాదం నిలవదని 2012లో ఒక పుస్తకమే రాశాడు.

ఇంతవరకే కత్తిరించి మీరు నాన్నగారికి పంపితే ఆయన గెలిచానని అనుకుంటారు. ఆయన గెలవలేదు. మీ తమ్ముడు ఆ రోజు చెప్పినవాటిలో చాలా భాగం సరైనదే, వాటి మీద నిలబెట్టిన ముగింపు తప్పు. నాన్నగారి ముగింపు సరైనది, చూపించిన ఆధారాలు తప్పు. ఎదుటివాడు ఎక్కడో తప్పు చెబుతున్నాడని ఇద్దరికీ తెలుసు, అది నిజం కూడా. అందుకే ఇద్దరూ వెనక్కి తగ్గడం లేదు.

నాన్నగారి ఫోన్‌లో ఉన్న వాటితో మొదలుపెడదాం. లెంటులస్ ఉత్తరం నకిలీ. మధ్యయుగాల చివర్లో ఐరోపాలో పుట్టింది. యూదయలో అలాంటి గవర్నరు ఎవరూ లేరు. ట్యూరిన్ వస్త్రం ముక్కల్ని 1988లో మూడు ప్రయోగశాలలు కార్బన్ పద్ధతిలో పరీక్షించి, అది 1260-1390 మధ్య కాలం నాటిదని తేల్చాయి. ఆ ఫలితం మీద అభ్యంతరాలు చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు కానీ, దాన్ని పట్టుకుని ఎవరినీ ఒప్పించలేం. ఈ రెండూ పక్కన పెట్టేయండి.

జోసెఫస్ సంగతి వేరు, అక్కడ కాస్త ఆగాలి. ఆయన క్రీ.శ. 93 ప్రాంతంలో రోమ్‌లో కూర్చుని యూదుల చరిత్ర రాశాడు. అందులో యేసు ప్రస్తావన రెండు చోట్ల వస్తుంది. నాన్నగారు చూపించింది మొదటిది. అందులో యేసే క్రీస్తు అనీ, మూడో రోజున బతికి కనిపించాడనీ ఉంటుంది. జోసెఫస్ చనిపోయేదాకా యూదుడే. అలాంటి మనిషి ఈ మాటలు రాస్తాడా? మూడో శతాబ్దపు క్రైస్తవ పండితుడు ఓరిజెన్, జోసెఫస్ యేసును క్రీస్తుగా ఒప్పుకోలేదని స్పష్టంగా రాశాడు. ఈ పేరాని మనకు తెలిసినంతలో మొదట ఉదహరించినది నాలుగో శతాబ్దపు బిషప్ యూసేబియస్. కాబట్టి మధ్యలో ఏదో ఒక దశలో క్రైస్తవ లేఖకులు దీన్ని మార్చారన్నది దాదాపు ఖాయం. అసలు ఏమీ లేని చోట మొత్తం దూర్చారా, లేక జోసెఫస్ రాసిన చిన్న ప్రస్తావనకు మెరుగులు దిద్దారా అన్నదే చర్చ. ఎక్కువమంది రెండోదే అంటారు. మీ తమ్ముడు దీన్ని "నకిలీ" అన్నాడంటే సగానికి పైగా న్యాయమే.

రెండో ప్రస్తావన మీ ఇంట్లో ఎవరూ ఎత్తినట్టు లేదు. క్రీ.శ. 62లో ఒక రోమన్ గవర్నరు చనిపోయి, కొత్తవాడు ఇంకా రాకముందు, అన్నాస్ అనే ప్రధాన యాజకుడు అదను చూసుకుని కొందరిని రాళ్లతో కొట్టించి చంపాడనీ, ఆ పని చేసినందుకు అతని పదవి ఊడిందనీ జోసెఫస్ చెబుతాడు. చనిపోయినవాళ్లలో ఒకడి పేరు యాకోబు. ఏ యాకోబో చెప్పడానికి "క్రీస్తు అనబడిన యేసు సహోదరుడు" అని ఒక్క ముక్క రాసి ముందుకు పోతాడు. పొగడ్త లేదు, బోధ లేదు. ఒక క్రైస్తవుడు దూర్చి ఉంటే ఇంత పొడిగా రాసి ఊరుకునేవాడు కాదు. ఇదీ చేర్చిందేనని వాదించేవాళ్లు లేకపోలేదు, వాళ్లు తక్కువ.

ఈ యాకోబే ఇంకో చోట కనబడతాడు. గలతీయులకు తొలితరం క్రైస్తవ బోధకుడు పౌలు రాసిన పత్రిక, అంటే ఉత్తరం, దాని మొదటి అధ్యాయం మీరు సండే స్కూల్లో చెప్పే ఉంటారు. యెరూషలేముకు వెళ్లి కేఫాతో, అంటే పేతురుతో, పదిహేను రోజులు ఉన్నానని పౌలు అంటాడు. "ప్రభువు సహోదరుడైన యాకోబు" తప్ప అపొస్తలుల్లో మరెవర్నీ చూడలేదంటాడు. వెంటనే, దేవుని ఎదుట చెబుతున్నాను, అబద్ధమాడటం లేదు అని ఒట్టు కూడా వేస్తాడు. ఆ ఒట్టు ఎందుకో చూడండి. తన సువార్త మనుషుల దగ్గర నేర్చుకున్నది కాదని ఆయన వాదిస్తున్నాడు. పేతుర్నీ యాకోబునీ అసలు కలవలేదని చెప్పగలిగితే ఆయన వాదానికి ఇంకా బలం వచ్చేది. కలిసిన సంగతి నలుగురికీ తెలుసు గనక దాచలేక ఒప్పుకుంటున్నాడు. తర్వాతి అధ్యాయంలో అదే కేఫాతో అంతియొకయలో ముఖాముఖి గొడవపడ్డానని కూడా రాశాడు. ఈ పత్రిక 50వ దశకంలోది. పౌలు చెప్పే ఆ ప్రయాణం సిలువ వేసిన కొన్నేళ్లకే జరిగింది. లేని మనిషికి తమ్ముడు ఉండడు కదా. నా దృష్టిలో మొత్తం ఆధారాల్లో గట్టిది ఇదే, రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాసినదాని కంటే కూడా.

దీనికి మీ తమ్ముడి దగ్గర ఒక జవాబు ఉండొచ్చు. "సహోదరుడు అంటే విశ్వాసి అని, రక్తసంబంధం కాదు" అంటాడు. రిచర్డ్ క్యారియర్ అనే పరిశోధకుడు ఇలాగే వాదించాడు. ప్రాచీన చరిత్రలో డాక్టరేట్ ఉన్న మనిషి, తేలిగ్గా తీసిపారేయలేం. కానీ దానికి ముందు వచనంలోనే పేతురు కూడా ఉన్నాడు, ఆయనకు ఆ మాట తగిలించలేదు. 1 కొరింథీయులకు 9వ అధ్యాయంలో కూడా "ప్రభువు సహోదరులు" వేరు, కేఫా వేరు. పౌలుకూ పేతురుకూ లేని ఆ పేరు యాకోబుకే ఎందుకు ఉందో ఆ వాదం సరిగ్గా చెప్పలేకపోయింది.

ఇక టాసిటస్. క్రీ.శ. 64లో రోమ్ తగలబడినప్పుడు నీరో చక్రవర్తి నెపం క్రైస్తవుల మీదకు నెట్టాడని చెబుతూ, ఆ పేరుకు మూలమైన క్రీస్తుకు తిబెరి చక్రవర్తి కాలంలో పొంతి పిలాతు మరణశిక్ష వేశాడని 116 ప్రాంతంలో రాశాడు. ఆయనకు క్రైస్తవులంటే అసహ్యం, వాళ్ల కోసం కథలు అల్లే మనిషి కాదు. అయితే ఆ సమాచారం ఆయనకు పాత రికార్డుల్లో దొరికిందో, క్రైస్తవులు చెప్పుకునేది విన్నాడో తెలియదు. మీ తమ్ముడు ఇది ఎత్తిచూపిస్తే ఒప్పుకోండి. బితూనియ (ఇప్పటి టర్కీలోది) గవర్నరు ప్లినీ 112 ప్రాంతంలో చక్రవర్తికి రాసిన ఉత్తరం క్రైస్తవులు క్రీస్తును దేవుడిలా స్తుతిస్తూ పాడేవారని చెబుతుంది. యేసు ఉన్నాడనడానికి దాన్ని చూపించేవాళ్లు అవసరానికి మించి లాగుతున్నట్టే.

"ఆ కాలంవాడు ఒక్కడు కూడా యేసు గురించి రాయలేదు" అన్నది తమ్ముడి అసలు ప్రశ్న అని రాశారు. నిజమే, రాయలేదు. సువార్తల్లో పాతదైన మార్కు కూడా 70 ప్రాంతంలోది. కానీ ఆ కాలం నుంచి మనకు అసలు ఏం మిగిలిందో కూడా చూడాలి. పదేళ్లు యూదయను ఏలిన పిలాతు గురించే, నాణేలు, ముగ్గురు నలుగురు రచయితల మాటలు పక్కనపెడితే, 1961లో కైసరయలో దొరికిన ఒక విరిగిన రాతి ఫలకం ఉంది, అంతే. ఆయన కచేరీ కాగితాలు ఒక్కటీ మిగల్లేదు. రోమన్లు వేలమందిని సిలువ వేశారు. 1968లో యెరూషలేము దగ్గర ఒక ఎముకల పెట్టెలో మేకు దిగిన మడమ ఎముక దొరికింది. అలాంటివి ప్రపంచం మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే దొరికాయి. గలిలయ పల్లెల్లో తిరిగే వడ్రంగి గురించి ఎవరైనా అప్పుడే రాసిపెట్టి ఉంటారని ఆశించడం ఎలా?

మీ ముత్తాత తండ్రినే తీసుకోండి. గుండ్లకమ్మలో దిగినట్టు నాయనమ్మ చెప్పడమే తప్ప ఆయన పేరున్న కాగితం మీ దగ్గర లేదు. ఆ కథలో కొంత చేరి ఉండొచ్చు, తేదీ కూడా మారి ఉండొచ్చు. అంతమాత్రాన ఆయన పుట్టనే లేదని మీ తమ్ముడు అనడు. యేసు విషయంలో మాటకూ రాతకూ మధ్య ఎడం దానికంటే చాలా తక్కువ.

ఇంకొక సంగతి ఉంది. లేని రక్షకుణ్ణి కూర్చుని కల్పించేవాళ్లు ఇలాంటివాణ్ణి కల్పించరు. మాను మీద వేలాడదీసినవాడు శాపగ్రస్తుడని ధర్మశాస్త్రం చెబుతుంటే, సిలువ మీద చచ్చినవాణ్ణి మెస్సీయ అని యూదుల ముందు నిలబెట్టడం ఎంత కష్టమో పౌలే రాశాడు: యూదులకు ఆటంకం, అన్యజనులకు వెర్రితనం. బాప్తిస్మం సంగతీ అంతే. యోహాను చేత యేసు బాప్తిస్మం పొందాడని మార్కు మామూలుగా చెప్పేస్తాడు. మత్తయికి వచ్చేసరికి యోహాను "నేనే నీ చేత పొందాలి గదా" అని వెనకాడతాడు. నాలుగో సువార్తలో బాప్తిస్మం జరిగిన దృశ్యమే లేదు. తర్వాతివాళ్లకు ఇబ్బంది పెట్టిన విషయం అది, జరిగింది కాబట్టే వదిలించుకోలేకపోయారు. ఈ పద్ధతితో ప్రతి వచనాన్నీ తేల్చలేం గానీ ఈ రెండింటి దగ్గర బాగా పనిచేస్తుంది. ఈజిప్టు దేవుడు హోరస్, రోమన్లు కొలిచిన మిత్ర కూడా డిసెంబర్ 25న కన్యకే పుట్టారనీ, ఆ కథల్నే కాపీ కొట్టారనీ చెప్పే వీడియోలు తమ్ముడు పంపితే, డిసెంబర్ 25 అన్న తేదీ బైబిల్లోనే లేదనీ, మిత్ర రాతిలోంచి పుట్టాడన్నది ఆ కథ అనీ గుర్తుచేస్తే చాలు.

ఇప్పుడు నాన్నగారికి నచ్చని భాగం. మనిషి ఉన్నాడని తేలినంత మాత్రాన సువార్తల్లో ఉన్నదంతా అలాగే జరిగిందని తేలదు. యేసు హేరోదు రాజు బతికుండగా పుట్టాడని మత్తయి అంటాడు. హేరోదు చనిపోయింది క్రీ.పూ. 4లో అని ఎక్కువమంది లెక్క. కురేనియు సిరియా అధిపతిగా ఉన్నప్పటి ప్రజాసంఖ్య సమయంలో అని లూకా అంటాడు. జోసెఫస్ ప్రకారం ఆ లెక్క క్రీ.శ. 6లో. మధ్యలో దాదాపు పదేళ్ల తేడా. సర్దిచెప్పే ప్రయత్నాలు చాలా జరిగాయి, నాకైతే ఏదీ అతకలేదు. అద్భుతాలు, పునరుత్థానం దగ్గరికి వస్తే, శిష్యులు ఆయన్ని చూశామని గట్టిగా నమ్మారన్నంతవరకు చరిత్రకారుడు రాయగలడు. వాళ్లు చూసింది ఏమిటో తేల్చే పరికరం ఆయన దగ్గర లేదు.

ఆఫీసులో ఆయన చెప్పినదానికి పునాది 1894లో నికోలస్ నోటోవిచ్ అనే రష్యన్ వేసిన పుస్తకం. లద్దాఖ్‌లోని హెమిస్ బౌద్ధారామంలో యేసు చరిత్ర దొరికిందన్నాడు. మరుసటి ఏడే ఒక ప్రొఫెసరు అక్కడికి వెళ్లి అడిగితే, అలాంటి గ్రంథమే లేదని ఆరామ పెద్ద చెప్పాడు. దీని మీద టైమ్ పెట్టకండి.

ఇక మీ ఇంటి సంగతి. ఈ జవాబు ఇద్దరికీ పంపిస్తానన్నారు. పంపవచ్చు, మీ ఇష్టం. కానీ ఒక్కసారి ఊహించండి. నాన్నగారు మొదటి పేరా చదివి ఆపేస్తారు, తమ్ముడు కురేనియు దగ్గర గీత గీసి తిరిగి పంపిస్తాడు. మధ్యలో మీరు పోస్ట్‌మ్యాన్ అవుతారు. పైగా నాన్నగారు లేచిపోయింది యేసు ఉన్నాడా లేడా అన్నందుకేనా అని నాకు అనుమానం. జీవితమంతా పిల్లలకు పాఠం చెప్పిన మనిషి, కన్నకొడుకు చేతిలో, అందరి ముందు, ఫోన్ పట్టుకుని ఓడిపోయారు. తమ్ముడికి ఆ సంగతి తట్టి ఉండదు. వాడి మనసులో ఇది తన నిజాయితీకి సంబంధించిన విషయం.

తమ్ముడితో విడిగా మాట్లాడటం ఒక దారి. ముందు వాడు ఎక్కడెక్కడ కరెక్టో చెప్పండి, లెంటులస్, వస్త్రం, జోసెఫస్ మొదటి పేరా. ఆ తర్వాత యాకోబు సంగతి పెట్టండి. పరిశోధన చేసే కుర్రాడు కాబట్టి ఆధారం ముందు పెడితే ఆలోచిస్తాడు. "మనిషి ఉన్నాడు, దేవుడని మాత్రం నేను నమ్మను" అనే చోటికి వాడు రావచ్చు. అలా వస్తే నాన్నతో వాడి దూరం తగ్గకపోవచ్చు కూడా, ఎందుకంటే నాన్నగారికి ముఖ్యం రెండో సగమే. దానికి మీరు సిద్ధపడి ఉండాలి. క్షమాపణ అడగాల్సి వస్తే అభిప్రాయానికి కాదు, భోజనాల దగ్గర చేసిన పద్ధతికి అడగమనండి. "నాన్నా, అందరి ముందు అలా మాట్లాడాల్సింది కాదు" అన్న ఒక్క మాట చాలామంది తండ్రులకు సరిపోతుంది. సరిపోకపోతే అది వేరే సమస్య.

నాన్నగారి దగ్గర ఆ ఫార్వర్డులు నకిలీవని ఎవరో ఒకరు చెప్పాలి, లేకపోతే రేపు సంఘంలో అవే చదువుతారు. మీరు చెబితే కూతురు కూడా వాడి పక్షమే అనుకునే ప్రమాదం ఉంది. చెప్పకపోతే ఇంకో చోట ఇంకెవరో చెబుతారు, అప్పుడు ఇంకా నొచ్చుకుంటారు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు, "నాన్నా, వీటికంటే గట్టివి బైబిల్లోనే ఉన్నాయి" అంటూ గలతీయుల పత్రికతో మొదలుపెడితే వినే అవకాశం ఎక్కువని నా అంచనా. అమ్మని మధ్యవర్తిగా పంపకండి, ఆవిడ ఇప్పటికే చాలా మోస్తోంది.

మీ విషయానికొస్తే, యేసు అసలు ఉన్నాడా అన్నదే మీ భయమైతే, అది ఈపాటికి తీరి ఉండాలి. తీరలేదంటే మీ అనుమానం ఇంకేదో అన్నమాట, బహుశా ఆయన ఎవరు అన్నదాని గురించి. దానికి నేను జవాబు చెప్పను, చెప్పే అర్హత కూడా నాకు లేదు. అనుమానంతోనే బల్ల దగ్గరికి వెళ్లేవాళ్లు ప్రతి సంఘంలో ఉంటారు, ఎవరూ పైకి అనరు. కొన్నాళ్లు సండే స్కూల్ నుంచి సెలవు తీసుకోవచ్చు. అయితే ఊళ్లో మాటలు పుడతాయి, నాన్నగారికి ఇంకో దెబ్బ తగులుతుంది. కొనసాగించవచ్చు కూడా, మీరు నమ్మలేని పాఠం వచ్చినప్పుడు "లూకా ఇలా రాశాడు" అని చెప్పి ఊరుకుంటే అబద్ధం చెప్పినట్టు కాదు. పాస్టర్ గారితో మాట్లాడాలనుకుంటే, మీ మాట నాన్నగారి దాకా మోసుకుపోని మనిషేనా అని ముందు చూసుకోండి. మీ సంఘంలో అలాంటివారు లేకపోతే హైదరాబాద్‌లో వేరే సంఘంలో ఎవరినైనా కలవండి.

తమ్ముడికి ఫోన్ చేసే ముందు గలతీయుల పత్రికలో మొదటి రెండు అధ్యాయాలు, ఆ తర్వాత మార్కు సువార్త మొత్తం ఒకే ఊపులో చదవండి. 16వ అధ్యాయం 8వ వచనం దగ్గర ఆపండి. అతి పాత వ్రాతప్రతుల్లో అక్కడితో అయిపోతుంది, మిగతా వచనాలు తర్వాత చేరాయి. రెండూ కలిపి రెండు గంటల పని. తమ్ముణ్ణి కూడా అవే చదవమని మెసేజ్ పెట్టండి, వీడియోలు కాదు. వాడు చదివానన్నాకే మాట్లాడండి.